ఫస్ట్ ఎయిడ్ రూములో ఫోనుకు తాళం

వయసు మీద పడేకొద్దీ కోపం తగ్గుతుందంటారు. నాకూ చాలావాటి మీద తగ్గింది. మెట్ల మీద చెప్పులు విడిచే పై అంతస్తువాళ్ల మీద తగ్గింది. ఎదుటి మనిషి మాట్లాడుతుండగానే పేపరు విప్పుకునే బంధువు మీదా తగ్గింది. అంబత్తూరు ఫ్యాక్టరీలో ఒక ఫోను మీద బిగించిన చెక్కపెట్టె మీద, దాన్ని బిగించమన్నవాళ్ల మీద మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. ఆ పెట్టెను పగలగొట్టినందుకు మా నర్సు ఉద్యోగం తీసెయ్యాలని చూశారు. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. చదువుకునే రోజులనుంచీ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి గనక వరస తప్పకుండా చెప్పగలను. మాట అక్కడక్కడ తూలితే తూలనీ.

మా కంపెనీ లారీలకు, బస్సులకు రేకు భాగాలు చేసేది. ఫ్యాక్టరీ అంబత్తూరులో, హెడ్డాఫీసు చింతాద్రిపేటలో. యజమానులది ఉత్తర మద్రాసులో తరతరాలుగా వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. నేను అడ్మినిస్ట్రేషన్ మేనేజర్ని. పేరు పెద్దదే గాని, యంత్రాలకూ అమ్మకాలకూ చెందని ప్రతి తలనొప్పీ నాదని దాని అర్థం. టెలిఫోన్లు, బండ్లు, క్యాంటీను, సిబ్బంది కాగితాలు, అన్నీ నావే. వారంలో సగం రోజులు హెడ్డాఫీసులో, సగం రోజులు ఫ్యాక్టరీలో గడిచేవి.

మా కంపెనీలో తాళం లేని వస్తువు ఉండేది కాదు. బీరువాకు, స్టోర్సుకు అంటే సరే. మంచినీళ్ల గ్లాసుకు కూడా గొలుసు. ఫోన్లకైతే డయలులో వేలు పెట్టి తిప్పే రంధ్రంలో చిన్న తాళంకప్ప వేలాడేది. ఎవరైనా చేస్తే మాట్లాడొచ్చు. మనం చెయ్యాలంటే మాత్రం తాళంచెవి ఉన్న ఆఫీసరు ముందు నిలబడి, ఎవరికి, ఎందుకు అని చెప్పుకోవాలి. యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. తాళాల పద్ధతి ఆయనదే. "తాళం అనేది దొంగోడికోసరం కాదయ్యా, మంచోడికోసరం. మంచోడు మంచోడిగానే ఉండేదానికి" అని ఆయన సిద్ధాంతం.

తాళం లేని ఫోను ఒక్కటే ఉండేది. అది ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ రూములో. దానికొక కథ ఉంది. కంపెనీ పెట్టిన మనిషి పెద్దాయన తండ్రి. ఆయన కాలంలో ప్రెస్సు షాపులో, అంటే రేకును అచ్చుల కింద ఒత్తే చోట, ఒకడికి దెబ్బ తగిలితే, ఆసుపత్రికి ఫోను చెయ్యడానికి తాళంచెవి కోసం ఫ్యాక్టరీ అంతా వెతికారట. మర్నాడే ఆయన ఒక డైరెక్టు లైను తెప్పించి ఫస్ట్ ఎయిడ్ రూములో పెట్టించి, "దీనికి తాళం వేసినోడి చెయ్యి ప్రెస్సులో పెడతా" అన్నాడట. నేను చేరేనాటికి ఆయన లేడు. ఫోను మాత్రం ఉంది. ఎన్ని మారినా దాన్నెవరూ ముట్టుకోలేదు.

మద్రాసు చెన్నై అయిన కొత్తలో మా ఫోన్లు మారాయి. ఫ్యాక్టరీకీ హెడ్డాఫీసుకూ కొత్త ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి మిషన్లు వచ్చాయి. ప్రతి బల్ల మీదా బటన్ల ఫోను. డయలే లేదు గనక తాళంకప్పలు పోయాయి. ఇక పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదు. ఆ మిషన్లో బయటికి లైను కావాలంటే ముందు సున్నా నొక్కాలి. ఆ సున్నా ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో మిషన్లోనే పెట్టొచ్చని దాన్ని అమ్మిన కంపెనీ మనిషి చెప్పగానే పెద్దాయన ముఖం వెలిగిపోయింది. తాళం లోపలికి పోయిందన్నమాట.

ఆ సున్నా కోసం జరిగిన తగాదాలు చెబితే నవ్వుతారు. ఒక సెక్షన్ ఆఫీసరు తన కింద పనిచేసేవాడికి సున్నా వచ్చి తనకు రాలేదని వారం రోజులు నాతో మాట్లాడలేదు. మా గుమాస్తా కుర్రాడికి పిల్లనివ్వాలనుకున్నవాళ్లు అతని గురించి విచారిస్తూ "ఆఫీసులో ఆయనకు సున్నా ఉందా?" అని నన్నే అడిగారు. నేనూ నవ్వుకున్నాను అప్పట్లో. ఫస్ట్ ఎయిడ్ రూముకు కొత్త ఎక్స్‌టెన్షన్ ఇచ్చి దానికి సున్నా ఇవ్వలేదు. "ఆడ డైరెక్టు లైను ఉండాది గదా, నర్సమ్మకు సున్నా దేనికి?" అన్నారు పెద్దాయన. అదీ న్యాయమే అనిపించింది.

తర్వాత అల్లుడుగారు దిగారు. పెద్దాయన రెండో అల్లుడు. విజయవాడ వైపు మనిషి, కంప్యూటర్లు చదివినవాడు, మాట మెత్తన, ప్రతి వాక్యం చివరా 'అండి'. ఆయనొచ్చాక రెండు చోట్లా కంప్యూటర్ రూములు లేచాయి. ఏసీలు, నేల మీద తివాచీ, గుమ్మం బయట చెప్పులు. ఏ రోజు ఎన్ని భాగాలు తయారయ్యాయి, ఎన్ని లారీ ఎక్కాయి అన్నది అంబత్తూరు కంప్యూటర్లోంచి చింతాద్రిపేట కంప్యూటర్లోకి పోవాలి. మొదట్లో ఫ్లాపీలు బిస్కెట్ల డబ్బాలో పెట్టి మా అటెండరు లోకల్ ట్రైన్లో తీసుకెళ్లేవాడు. ఒకరోజు వానలో తడిసి ఫ్లాపీ పాడైంది. అంతే, అల్లుడుగారికి కావలసిన సాకు దొరికింది.

"మావయ్యగారూ, మోడెమ్ పెడదామండి. ఫోను తీగలోంచే ఫైలు వచ్చేస్తుందండి. మీరు నాలుగింటికి కాఫీ తాగేటప్పటికి ఈ రోజు లెక్క మీ బల్ల మీద ఉంటుందండి."

పెద్దాయన నాలుగింటికి కాఫీ తాగుతారు. కాఫీతో పాటు కాగితం అనగానే ఆయన మనసు దానిమీద పడింది. కాని మోడెముకు ఒక డైరెక్టు లైను కావాలి. ఎక్స్ఛేంజి మిషన్ గుండా పోతే ఫైలు మధ్యలో తెగిపోతోంది. కొత్త లైనుకు దరఖాస్తు పెట్టాము. ఆ రోజుల్లో లైను రావడమంటే మన వంతు రావాలి. ఈలోపల ఫ్యాక్టరీలో ఉన్నవి రెండే లైన్లు. ఒకటి మిషన్‌కు పోయేది. రెండోది ఫస్ట్ ఎయిడ్ రూముది.

పెద్దాయన గదిలో ముగ్గురం కూర్చున్నాము.

"ఫస్ట్ ఎయిడ్ లైను వద్దు సార్," అన్నాను. "మీ నాయనగారు పెట్టించింది."

"తీసేమన్నారా ఎవురైనా? ఫోను ఆడనే ఉంటాది. తీగ నుంచి ఒక పాయ కంప్యూటర్ రూముకు లాగుతారు. దినానికి ఒక గంట. మిగతా పొద్దంతా ఆయమ్మదే."

"ఆ గంటలోనే ఎవరికైనా దెబ్బ తగిలితే?"

అల్లుడుగారు చిరునవ్వు నవ్వారు. "మీ అంచనా ప్రకారం మూడు నుంచి నాలుగు మధ్యే దెబ్బలు తగులుతాయంటారాండి?"

"షిఫ్టు అయిపోయాక పంపండి. సాయంత్రం ప్రెస్సులు ఆగాక ఫైలు పంపితే ఏం పోతుంది? ఫైలుకు ఆకలేస్తుందా?"

"కాగితం నాలుగింటికి రావాల," అన్నారు పెద్దాయన. "ఆరింటికి నేను ఇంటికి పోయినాక వొచ్చే కాగితం నాకెందుకయ్యా?"

ఇదీ కారణం. ఇంతకంటే ఇంకో కారణం లేదు. ఒక మనిషి కాఫీ. నేను నా అభ్యంతరాన్ని రాతలో ఇచ్చాను. పెద్దాయన అది తీసుకుని, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు తీగ లాగేశారు.

మా నర్సు తిరువొత్తియూరు నుంచి రెండు రైళ్లు మారి వచ్చేది. తెలుగావిడే, అక్కడే పుట్టి పెరిగిన కుటుంబం. అందరూ సిస్టర్ అనేవాళ్లు, నేనూ అంతే. నోరు పెద్దది. జ్వరమని అబద్ధమాడి సెలవడిగేవాణ్ణి ఒక్క చూపుతో మళ్లీ మిషన్ దగ్గరికి పంపేది. నిజంగా ఒళ్లు బాగాలేనివాణ్ణి మేనేజరు వద్దన్నా ఇంటికి పంపేది. మోడెము పెట్టిన మొదటి వారంలో ఒకరోజు ఆవిడ మామూలుగా ఫోనెత్తింది. లోపల కీచుమని చప్పుడు. ఫోనెత్తితే చాలు, అటు ఫైలు తెగిపోతుంది. తెగింది. అల్లుడుగారు ఆ రోజు ఫ్యాక్టరీలోనే ఉన్నారు, పరుగున వచ్చారు.

"ఎవరండి ఫోనెత్తింది? మొత్తం మొదటినుంచి పంపాలి తెలుసా?"

"నేనే ఎత్తినా. నా ఫోను గదా, ఎత్తినా," అంది సిస్టర్. "లోపల ఏందో పిల్లిని తొక్కినట్టు అరస్తా ఉండాది. మీదేనా అది?"

"అది డేటా అండి."

"డేటానో పాటానో, జ్వరమొచ్చినోడి ఇంటికి నేను ఫోను చెయ్యాల. మీ పిల్లిని కాసేపు పక్కన కట్టేసుకోండి."

గుమ్మంలో నిలబడ్డ కార్మికులు నవ్వారు. ఆ నవ్వే ఆవిడ కొంప ముంచింది. అల్లుడుగారు ముఖం ఎర్రగా చేసుకుని వెళ్లారు. రెండు రోజుల్లో చెక్కపెట్టె వచ్చింది. ఫోనంతా లోపల మూసుకుపోయేలా, ముందు తలుపు, దానికి గొళ్లెం, తాళం. మూడింటికి కంప్యూటర్ రూము కుర్రాడు వచ్చి తాళం వేసి, ఫైలు పోయాక వచ్చి తీస్తాడు. తాళంచెవి అతని దగ్గర. డయలు తాళాలు పోయాయని సంబరపడ్డ నా మొహాన కొట్టినట్టు మళ్లీ అదే తాళం వచ్చి కూర్చుంది. అదీ ఏ ఫోనుకు! తాళం వేసినోడి చెయ్యి ప్రెస్సులో పెడతానన్న ముసలాయన ఫోనుకు.

సిస్టర్ నాకేసి చూసింది. "ఏంది సార్ ఇది? నేనేమన్నా దొంగనా?"

 పెద్దాయనకు మళ్లీ చెప్పాను. ఆపరేటరు ఉంది గదా, గేటు దగ్గర ఎక్స్ఛేంజి మిషన్ ఉంది గదా, అర్జెంటైతే ఆపరేటరును అడిగితే లైను ఇస్తుంది గదా అన్నారు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

ప్రమాదం జరిగిన రోజు నేను అంబత్తూరులోనే ఉన్నాను. గేటు దగ్గర ఎక్స్ఛేంజి మిషన్ అల్మారా తెరిపించి కొత్త ఎక్స్‌టెన్షన్ల తీగలు చూసుకుంటున్నాను. ప్రెస్సు షాపు నుంచి అరుపు వినిపించింది. ప్రెస్సుల మోత మధ్య మనిషి గొంతు అలా వినిపించిందంటే అది మామూలు అరుపు కాదు. నేను వెళ్లేసరికి ఇద్దరు మనుషులు మూడోవాణ్ణి ఎత్తుకుని ఫస్ట్ ఎయిడ్ రూములోకి తెస్తున్నారు. కుడి చెయ్యి ప్రెస్సులో పడింది. ఆ చెయ్యిని ఇక్కడ వర్ణించను. సిస్టర్ ఒక్క క్షణం కూడా ముఖం తిప్పుకోలేదు. మోచేతి పైన బిగించి కట్టింది, చెయ్యి పైకెత్తి పట్టుకోమని ఒకడికి అప్పగించింది, చేతులకు ఆపరేషన్ చేసే ఆసుపత్రి నంబరు గోడ మీద రాసుంది, అది చూసి ఫోనుకేసి తిరిగింది. పెట్టెకు తాళం.

ఎక్స్‌టెన్షన్ ఎత్తింది. దానికి సున్నా లేదు. ఆపరేటరును పిలిచింది. ఆపరేటరు భయంతో, "సిస్టర్, లైనులో మేనేజరు సార్ ఉండారు. ట్రంకు కాలు. నేనెట్లా తెంచేది?" అంది. ఫ్యాక్టరీ మేనేజరు అద్దాల గదిలో తలుపేసుకుని పూనాతో మాట్లాడుతున్నాడు. ఒకడు పరుగెత్తి అద్దం మీద కొట్టాడు. ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండా, ఆగమన్నట్టు చెయ్యెత్తి చూపించాడు. ఆ ఎత్తిన చెయ్యి కూడా నాకింకా కనిపిస్తుంది, అయిదు వేళ్లతో. తాళంచెవి కోసం కంప్యూటర్ రూముకు పంపితే ఆ కుర్రాడు ఫైలు పంపడం మొదలుపెట్టి, రూముకు కూడా తాళం వేసుకుని, టీకి పోయాడు.

సిస్టర్ ఇటూ అటూ చూసి సెలైన్ సీసా తగిలించే ఇనప స్టాండు లాగింది. మొదటి దెబ్బకు పెట్టె బల్ల మీద పక్కకు జారిపోయింది.

"సార్, చూస్తా నిలబడొద్దు! పట్టుకోండి!"

నేను పెట్టెను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ఆవిడ కొట్టింది. గొళ్లెం ఊడి నా మోచేతికి తగిలింది. ఫోను తీసింది, లోపల కీచుమని అరుస్తోంది. రిసీవరు పెట్టే చోటున్న బటన్ను పదేపదే నొక్కింది. కాసేపటికి అరుపు ఆగి మామూలు మోత వచ్చింది. ఆసుపత్రికి చేసి, ఏ చెయ్యి, ఎక్కడివరకు, ఎప్పుడు కట్టు కట్టింది అన్నీ చెప్పి, సర్జనును సిద్ధంగా ఉంచమంది. తర్వాత అద్దెబండి స్టాండుకు చేసింది. కంపెనీ వ్యాను చింతాద్రిపేటలో ఉంది గనక. బండి వచ్చింది, ఎక్కించుకుని తానూ వెళ్లింది.

అతనికి రెండు వేళ్లు పోయాయి. చెయ్యి మిగిలింది. ఇంకాస్త ఆలస్యమైతే మణికట్టు దాకా తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరు నాతోనే చెప్పాడు.

ఆ సాయంత్రం హెడ్డాఫీసు నుంచి నాకు ఫోను. మనిషెలా ఉన్నాడని అడుగుతారనుకున్నాను.

"ఏమయ్యా, కాగితం రాలేదేంది?" అన్నారు పెద్దాయన.

చెప్పాను. విన్నారు. "అయ్యో, పాపం" అన్నారు కూడా. అబద్ధమెందుకు, ఆయన దుర్మార్గుడు కాడు, వైద్యం సరిగ్గా చేయించమన్నారు. కాని మర్నాడు నేను చింతాద్రిపేట వెళ్లేసరికి అల్లుడుగారు ఆయన పక్కనే కూర్చుని ఉన్నారు. ఫైలు మధ్యలో తెగడంతో హెడ్డాఫీసులో ఉన్న పాత లెక్క కూడా పాడైందట. మళ్లీ అంతా ఎక్కించాలట.

"ఒకసారి ఊరుకున్నామండి. ఈసారి కంపెనీ ఆస్తి పగలగొట్టారు. ఇవాళ ఊరుకుంటే రేపు ప్రతివాడూ వచ్చి తీగలు పీకుతాడు. డిసిప్లిన్ సంగతండి ఇది."

"ఛార్జిషీటు రాసుకోని రా," అన్నారు పెద్దాయన నాతో.

"ఎవరి మీద?"

"ఇంకెవురి మీద? ఆ నర్సమ్మ మీద."

"పెట్టె పట్టుకుంది నేను సార్."

"నిన్నెవురయ్యా అడిగింది?"

నిజమే, నన్నెవరూ అడగలేదు. ఈ కథలో నాకు అన్నిటికంటే మండేది అదే. ఇద్దరం కలిసి పగలగొట్టాము. ఆవిడ నర్సు, నేను మేనేజర్ని. ఆవిడ చేస్తే విధ్వంసం, నేను చేస్తే ఏదో పొరపాటున చెయ్యి తగిలింది. నా పేరు ఆ కాగితంలో ఎక్కడా రాకుండా ఎంత జాగ్రత్తపడ్డారో! నేను రాయనంటే లాయరుతో రాయించారు. కంపెనీ ఆస్తికి నష్టం, విధులకు ఆటంకం, పైఅధికారుల ఆజ్ఞ ధిక్కారం, ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో సంజాయిషీ. ఆ రోజు ఇంటికొచ్చి డైరీ తెరిస్తే రాయాలనుకున్న మాటలన్నీ రాయకూడనివే అయ్యాయి. తారీఖు వేసి మూసేశాను.

విచారణ ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెట్టారు. విచారణాధికారి కంపెనీ తెచ్చుకున్న లాయరే. ఎండలో నల్లకోటు వేసుకుని వచ్చాడు. కిటికీల బయట కార్మికులు గుంపుగా నిలబడ్డారు.

"పెట్టె పగలగొట్టే ముందు ఎవరి అనుమతైనా తీసుకున్నారా?"

"నెత్తుర్ని అడిగినా సార్, కాసేపు ఆగుతావా అని. ఆగనన్నది," అంది సిస్టర్.

కిటికీ బయట ఎవరో ఈల వేశారు.

"అడిగినదానికి మాత్రం చెప్పండి."

"అనుమతి తీసుకోలా."

"తాళంచెవి ఎక్కడుంటుందో మీకు తెలుసా?"

"తెలుసు. కంప్యూటర్ రూము పిల్లోడి జేబులో. జేబు టీ తాగేదానికి పోయింది."

తర్వాత నన్ను పిలిచారు, యాజమాన్యం తరఫు సాక్షిగా. ఆవిడ పెట్టెను కొట్టడం మీరు చూశారా అని ప్రశ్న. చూశానంటే చాలు, పని అయిపోతుంది.

"చూశాను. పెట్టె కదలకుండా పట్టుకుంది నేనే," అన్నాను.

లాయరు పెన్ను ఆగింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఇదెల్లాం ఎదుక్కు సార్?" అన్నాడు. ఇదంతా దేనికి అని.

"రాసుకోండి. నేను పట్టుకోకపోతే అది పగిలేది కాదు. పగలగొట్టడం నేరమైతే సగం నాది. ఈ లైను తియ్యొద్దని రాతలో ఇచ్చిన కాగితం కూడా నాదే. అదీ రాసుకోండి."

"అది ఈ విచారణ పరిధిలోకి రాదు."

"మరేం వస్తుంది? చెక్కా?"

అతను రాసుకోలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని, తీర్పు తర్వాత చెబుతామని లేచి వెళ్లిపోయాడు. తీర్పేమిటో అందరికీ తెలుసు. సిస్టర్ టిఫిన్ డబ్బా కడుక్కుంటూ, "ఈ వయసులో నన్నెవురు పనిలో పెట్టుకుంటారు సార్? మా వీధిలో సూదులేసుకుంటా కూచోవాల్సిందే," అంది. మొదటిసారి ఆ గొంతులో నవ్వు లేదు.

ఉద్యోగం పోయినట్టేననుకున్నాము. కాపాడింది నేను కాదు, నా సాక్ష్యం కాదు. వాళ్ల తాళం పిచ్చే కాపాడింది.

చెక్కపెట్టె పగిలింది కదా, అప్పటికి దానికే కొత్త గొళ్లెం కొట్టి తాళం వేస్తూ, ఈసారి పగలనిది కావాలనుకున్నారు. రేకుతో చేయించమని ఆర్డరు వచ్చింది. రేకు పని ఎక్కడ జరుగుతుంది మా ఫ్యాక్టరీలో? ప్రెస్సు షాపులో. రెండు వేళ్లు పోయిన మనిషి పక్క మిషన్ మీద, ఆ ఫోనును మూసే పెట్టెకు రేకు కొట్టమని చీటీ పంపారు. ఏ బుర్ర ఈ చీటీ మీద సంతకం పెట్టిందో! మందంగా కొట్టండి అని కూడా రాశారు.

ప్రెస్సు షాపులో అందరికంటే వయసులో పెద్ద అయిన ప్రెస్సు ఆపరేటరు ఆ చీటీ చదివి, మడిచి, మిషన్ మీద పెట్టాడు. ఎవరితోనూ గొడవపడలేదు. ఆ మధ్యాహ్నం మూడయింది. కంప్యూటర్ రూములో ఫైలు మొదలైంది. ప్రెస్సులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంబత్తూరులో పట్టపగలు మా షాపులో నిశ్శబ్దం. మనుషులు మిషన్ల పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఫ్యాక్టరీ మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది ఇది? స్ట్రైకా?"

"అదేం లేదు సార్," అన్నాడు పెద్ద ఆపరేటరు. "ఆడ ఫోనుకు తాళమేసిండే గంట, ఈడ మేము మిషన్‌కు తాళమేసినాం. ఆడ తీసినాక ఈడా తీస్తాం."

"మీ ఇష్టమా?"

"ఇష్టం కాదు సార్, భయం. చెయ్యి గదా."

నాలుగింటికి లేచి పనిలోకి దిగారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగింటికి పెద్దాయన కాఫీతో పాటు వెళ్లే కాగితంలో తయారైన భాగాలు తగ్గుతూ వచ్చాయి. లారీలు ఖాళీగా నిలబడ్డాయి. కొనేవాళ్లు ఫోన్లు మొదలుపెట్టారు. నాలుగో రోజు పెద్దాయన స్వయంగా ఫ్యాక్టరీకి వచ్చారు. ప్రెస్సు షాపు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. ఎవరూ లేవలేదు.

"ఏం కావాలంట్రా?" అన్నారు చివరికి.

"ఫోను ఎప్పటిమాదిరి ఉండాల. సిస్టర్ ఎప్పటిమాదిరి ఉండాల. ఇంకేం వద్దయ్యా," అన్నాడు పెద్ద ఆపరేటరు.

ఆ సాయంత్రమే కంప్యూటర్ రూముకు పోయే తీగ పాయను నేనే దగ్గరుండి తీయించాను. షిఫ్టు అయ్యాక, ఎక్స్ఛేంజి మిషన్‌కు పోయే లైనులోంచే ఫైలు పంపడం మొదలైంది. ఆ కాసేపు తీగను మిషన్ నుంచి తప్పించి నేరుగా మోడెముకు తిప్పితే ఫైలు తెగకుండానే పోయింది. అల్లుడుగారే ఆ తీగ తిప్పారు. షిఫ్టు అయ్యాక పంపమనే మొదటి రోజు నేనూ అడిగింది. నాలుగు రోజులు ఆగిన ప్రెస్సులు చెబితే అర్థమైంది. మనిషి చెయ్యి చెబితే కాలేదు. నెత్తురు ఆ కాగితంలోకి ఎక్కదు. తగ్గిన భాగాలు ఎక్కుతాయి. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈ వయసులోనూ నిద్రపట్టదు.

సిస్టర్ విషయంలో హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది, నేనే ఆవిడకివ్వాలని. లాయరు రాసిందే. ఆరోపణలు రుజువైనా, దీర్ఘకాల సేవను దృష్టిలో పెట్టుకుని, యాజమాన్యం కరుణతో ఆమెను క్షమించి ఉద్యోగంలో కొనసాగిస్తున్నదని. కింద ఆవిడ సంతకానికి గీత.

ఫస్ట్ ఎయిడ్ రూముకు తీసుకెళ్లాను. ఆవిడ ఎవరి కంట్లోనో పడ్డ ఇనప రజను తీస్తోంది. పని అయ్యేదాకా నన్ను నిలబెట్టి, చెయ్యి కడుక్కుని ఉత్తరం చదివింది. రెండోసారి కూడా చదివింది.

"క్షమించేదానికి వీళ్లెవురు సార్?"

ఉత్తరం మడిచింది.

"ఉద్యోగం నాది. చేస్తా. ఈ కరుణ మాత్రం వాళ్లనే పెట్టుకోమనండి." ఉత్తరం నా చేతిలో పెట్టి, బయట కూర్చున్న రెండోవాణ్ణి రమ్మని పిలిచింది.

గీత ఖాళీగా ఉన్న ఉత్తరాన్ని తిరిగి పంపించేశాను. మర్నాడు పెద్దాయన ఫోను చేశారు.

"ఏంది, ఆయమ్మ తీసుకోలేదంటనే?"

"తీసుకోలేదు సార్."

"మళ్లీ ఇయ్యి. సంతకం పెట్టించు. ఫైల్లో ఉండాల గదా."

"నేనివ్వను సార్."

"ఏమన్నావు?"

"ఆ ఉత్తరం నేనివ్వను. ఇంకెవరితోనైనా ఇప్పించండి. వాళ్లకు కూడా ఆవిడ ఇదే చెబుతుంది."

అవతల ఆయన ఇంకా ఏదో అంటున్నారు. నా ఉద్యోగమంతటిలో ఆయనకంటే ముందు నేను ఫోను పెట్టేసింది ఆ ఒక్కసారే.